యాదగిరి ఆపిన మిషన్లు

రాయదుర్గం యాదగిరి ఏం పని చేస్తాడో ఇంట్లోవాళ్ళకి కూడా సగమే తెలుసు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల కంపెనీ" అనేవాళ్ళు. అడిగినవాడు అంతటితో ఊరుకుంటే బతికిపోయినట్టే. "కంపెనీలో ఏం పని?" అని రెట్టించాడో, యాదగిరి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కరెంటు మీటరు కథ మొదలుపెట్టేవాడు. ఆ కథంటే అతనికి ప్రాణం. వినేవాళ్ళే కరువు.

వాళ్ళింట్లో కిరాయికిచ్చిన పోర్షన్లున్నాయి. మొదట్లో అందరికీ కలిపి ఒకటే మీటరు. బిల్లొచ్చిన రోజు ఇల్లు రణరంగం. ఒకరు ఫ్యానే వేయలేదంటారు, ఇంకొకరు అసలు ఊళ్ళోనే లేమంటారు. ప్రతి పోర్షనుకీ విడిగా చిన్న మీటరు పెట్టించాక గానీ ఇల్లు చల్లబడలేదు. కంపెనీలోనూ అదే గొడవ. ఒక పెద్ద మిషన్‌ని పోర్షన్లుగా విడగొట్టి, ఎవరికి వారు 'ఇదంతా నాదే' అనుకునేలా చేసి కిరాయికిస్తారు. ఆ పోర్షన్ పేరే వర్చువల్ మిషన్. అసలు మిషన్ ప్రాసెసర్‌లో పుట్టుకతోనే కొన్ని కౌంటర్లుంటాయి. ఎన్ని ఆదేశాలు నడిచాయి, కావలసింది దగ్గర్లో దొరక్క ఎన్నిసార్లు ఆగి ఎదురుచూడాల్సి వచ్చింది, అన్నీ అవి లెక్కపెడతాయి. ప్రోగ్రాం ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియాలంటే అవే దిక్కు. పోర్షన్లలో ఉన్నవాళ్ళకి మాత్రం అవి కనబడవు. వాళ్ళకీ కనబడేలా చేయడం, ప్రాసెసర్ మీద ఒకరి వంతు అయిపోగానే లెక్క ఆపి దాచిపెట్టి, మళ్ళీ వాళ్ళ వంతు వచ్చినప్పుడు అక్కణ్ణుంచే నడిపించడం యాదగిరి పని.

"పక్కోడు కాల్చిన కరెంటు నీ బిల్లుల పడొద్దు. ఎవని లెక్క వానికే" అని కథ ముగించేవాడు. అప్పటికి విన్నవాడు ఫోను చూసుకుంటూ ఉండేవాడు.

ఈ పనిలో అతనికి జతగాడు పార్థసారథి. గుడివాడ పక్క ఊరు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో కాపురం. యాదగిరి రాస్తుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని తప్పులు పట్టడం అతని వంతు. పట్టాడంటే వదలడు. అలా ఒకరోజు తెర వంక చూస్తూ చూస్తూ అడిగాడు.

"గిరీ, ఈ వర్చువల్ మిషన్‌ని నడుస్తుండగానే వేరే పెద్ద మిషన్ మీదికి మార్చేశారనుకో. అక్కడ ప్రాసెసర్ పాతదై, కౌంటర్లు వేరే రకమైతే?"

"లెక్క తప్పుతది."

"మరి కదలనివ్వకు. రెండు వైపులా ఒకే రకమైతేనే వెళ్ళాలి. కాకపోతే ఇక్కడే ఆపెయ్."

నిజమే కదా అనుకుని యాదగిరి ఆ తనిఖీ రాశాడు. పార్థసారథి చదివి తలూపాడు. ఇద్దరూ కిందికెళ్ళి చాయ్ తాగారు. రాసినవాడి పేరు ప్రోగ్రాంలో ఉండిపోతుంది. పక్కన కూర్చుని రాయించినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఆ తర్వాతే సకల జనుల సమ్మె వచ్చింది. యాదగిరి భార్య రత్నమాల శేరిలింగంపల్లి సర్కారు బడిలో పంతులమ్మ. బడి వదిలి సమ్మె టెంటులో కూర్చుంది. సెలవు దొరికిన రోజున యాదగిరి కూడా గులాబీ కండువా వేసుకుని ఆమె పక్కన కూర్చునేవాడు. ఎవరో ఫోటో తీశారు. అది ఆఫీసంతా తిరిగింది. అప్పటికే ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు వాటంతటవే విడిపోయి ఉన్నాయి. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. ఒకే బల్ల మీద ఇంకా కలిసి తింటున్నది యాదగిరీ, పార్థసారథీ మాత్రమే.

బస్సులు ఆగాయి. బొగ్గు రాక కరెంటు కోతలు మొదలయ్యాయి. కంపెనీ పెద్దలకి గుండెల్లో రాయి పడింది. కిరాయిదార్ల మిషన్లన్నిటినీ, ఒక్క క్షణం కూడా ఆపకుండా, చెన్నై ఆఫీసుకి మార్చగలగాలన్నారు. మేనేజరు ప్రియదర్శినికి ఆ బాధ్యత అప్పగించారు. రిహార్సల్‌కి ఒక బంద్ రోజునే ఎంచుకున్నారు. విదేశాల్లోని ఖాతాదారులు కూడా వాళ్ళ తెరల మీద చూస్తున్నారు.

మామూలు మిషన్లు గప్‌చుప్‌గా వెళ్ళిపోయాయి. కౌంటర్లు పెట్టుకున్నవి మాత్రం గుమ్మం దాటలేదు. చెన్నైలో ప్రాసెసర్లు పాతవి. 'కౌంటర్లు సరిపోలడం లేదు, మార్చడం కుదరదు' అని తెర మీద పడింది. మళ్ళీ తోశారు. మళ్ళీ అదే మాట. ఖాతాదారుల ముందు పరువు పోయింది. ఈ మాట ఎవరు రాశారని వెతికితే యాదగిరి పేరు తేలింది.

అందర్నీ కూర్చోబెట్టి ప్రియదర్శిని అడిగింది. "ఇది ఎందుకు పెట్టారు యాదగిరీ?"

యాదగిరి చెప్పబోయాడు. మీటరు కథ సగంలో ఉండగానే వెనక వరసలోంచి ఎవరో, "సమ్మె మిషన్లక్కూడా పాకిందన్నమాట!" అన్నారు. గది మొత్తం నవ్వింది. ఆ నవ్వుతో ఫోటోలోని కండువా అందరికీ గుర్తొచ్చిందని యాదగిరికి అర్థమైంది. అతను పార్థసారథి వైపు చూశాడు. ఒక్క మాట చాలు. 'ఆ తనిఖీ పెట్టమన్నది నేనే' అంటే చాలు.

పార్థసారథి తన లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాడు.

అతనికీ కష్టాలున్నాయి, లేవనను. పోయిన బంద్‌లో వాళ్ళ వీధి చివర కొట్టు అద్దాలు పగిలాయి. భార్య నాగమణి భయంతో బయట అడుగు పెట్టడం మానేసి, చెన్నై వెళ్ళిపోదామని ప్రాణం తీస్తోంది. మిషన్ల వెంట చెన్నైకి ఎవర్ని పంపాలన్నది ప్రియదర్శిని చేతిలో ఉంది. ఇవన్నీ యాదగిరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గుతుందా?

"ఆ చెక్ తీసేయండి" అంది ప్రియదర్శిని.

"తీసేస్తే కదులుతయి మేడం. కానీ ఆడికి పోయినంక దొంగ లెక్కలు చెప్తయి. చూసేటోడు నిజమనుకుంటడు."

"ఎవరు చూస్తారండీ అంత పట్టుకుని? నాకు కదలడం ముఖ్యం."

యాదగిరి ఆ తనిఖీ తీయలేదు. అంతకంటే పెద్ద పని చేశాడు. తన పనినే మూసేశాడు. లోపలి వర్చువల్ మిషన్ 'నాకు కౌంటర్లున్నాయా?' అని అడిగితే 'లేవు' అని జవాబిచ్చేలా ఒక్క వాక్యం రాశాడు. తప్పుడు మీటరు పెట్టేకంటే అసలు మీటరే లేకపోవడం నయమనుకున్నాడు. మరుసటి రిహార్సల్‌లో అన్ని మిషన్లూ చప్పుడు లేకుండా చెన్నై చేరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఏళ్ళ తరబడి పడ్డ చాకిరీ ఆ చప్పట్ల కింద సమాధి అయింది.

ఇంటికొచ్చి రత్నమాలకి ఒక్కదానికే అంతా చెప్పాడు.

"సారథన్న పేరు నువ్వే చెప్పకపోయినవా?" అందామె.

"ఆయనే చెప్తడనుకున్న."

తర్వాత యాదగిరిని ఇంకో జట్టులోకి మార్చారు. పాత సరుకు మీద వచ్చే ఫిర్యాదులు చూసుకునే పని. పోనీ, పేరు పోయినా స్నేహితుడు మిగిలాడనుకున్నాడు. ఎందుకంటే నిజం తెలిసినవాడు ఆఫీసులో అతనొక్కడే. పార్థసారథికి చెన్నై ఖాయమైంది. వెళ్ళే ముందు రాయదుర్గం చాయ్ బండి దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. క్షమించమని అడగడానికే పిలిచాడనుకుని, ఏమని ఓదార్చాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళాడు యాదగిరి. పిచ్చి మారాజు.

చాయ్ సగం తాగాక పార్థసారథి గొంతు తగ్గించాడు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవుగా? మనిద్దరి మధ్యే ఉంటుంది. ఆ రోజు మిషన్లని కావాలనే ఆపావు కదూ?"

యాదగిరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నిజంగానే మరిచిపోయాడో, మరిచిపోతే హాయిగా ఉంటుందని మరిచిపోయాడో, ఆ పార్థసారథికే తెలియాలి. కళ్ళలో మాత్రం కల్మషం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

'నువ్వే కద కదలనియ్యకన్నవ్' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే అతను 'నేనెప్పుడన్నాను?' అంటాడేమో. ఆ మాట వినే శక్తి యాదగిరికి లేదు.

"అవ్" అన్నాడు. "కావాలనే ఆపిన."

పార్థసారథి ముఖం తేటపడింది. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, యాదగిరి భుజం తట్టాడు.

"నాకు తెలుసు గిరీ. నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి."

ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాట చెన్నై చేరింది. అక్కణ్ణుంచి తిరిగి హైదరాబాదొచ్చింది. వచ్చేసరికి దానికి రెక్కలు మొలిచాయి.

రాష్ట్రం వచ్చిన రోజున ఆఫీసు ముందు గులాబీ గులాల్ కాళ్ళ కింద తివాచీలా పరుచుకుంది. డప్పులు మోగాయి. రత్నమాల ఎర్రబడ్డ కళ్ళతో నవ్వుతూ మొగుడి పక్కన నిలబడింది. అది వాళ్ళు కలలు గన్న రోజు. యాదగిరి గుండె కూడా నిజంగానే నిండింది. అప్పుడు ఐటీ ఉద్యోగుల సంఘం నాయకుడు మైకు అందుకున్నాడు.

"మన మిషన్లు మద్రాసుకు పోకుంట అడ్డం పడ్డ మొనగాడు, మన యాదగిరన్న!"

నలుగురూ లాక్కెళ్ళి శాలువా కప్పారు. మైకు చేతిలో పెట్టారు. యాదగిరి జనాన్ని చూశాడు. ఇంతమంది అతని మాట కోసం ఎదురుచూడటం జీవితంలో అదే మొదటిసారి.

"మా ఇంట్ల కిరాయి పోర్షన్లున్నయి" అని మొదలుపెట్టాడు. "అందరికి కలిపి ఒకటే కరెంటు మీటరుండె..."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో "జై తెలంగాణ!" అని అరిచారు. అందరూ అందుకున్నారు. యాదగిరి కూడా "జై తెలంగాణ" అన్నాడు, మనసారా అన్నాడు. మైకు తిరిగి ఇచ్చేశాడు. చప్పట్లు మారుమోగాయి. రత్నమాల ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది.