గుయ్యిమనని గిటారు

పొద్దున వికారాబాదుల కరెంటు పోయింది. ఫ్రిజ్ సప్పుడు ఆగి ఇల్లంత నిమ్మలమైతె, నా గుండె మాత్రం దడదడమన్నది. నవ్వకుండ్రి. ఈ దడకు కారణం మా చిన్నాయన, ఆయన జపాన్ గిటారు.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. తాండూరుల నాపరాయి పాలిష్ మిషిన్ల కాడ పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నడు. ఆదివారం మాత్రం చర్చిల బేస్ గిటారు వాయిస్తడు. జపాన్‌ల తయారైన పాతది, నాలుగు లావు తీగలు, దాదాపు నా వయసుంటది. సన్న సప్పుళ్లు ఆయనకు ఎన్నడో బందయినయి. చిన్నమ్మ తిట్లు గూడ వినపడయి, అందుకే ఆ కాపురం సల్లగున్నది. వినపడేది ఒక్కటే, ఆ గిటారు బొంగురు మోత. దానికి గూడ ముసలితనం వచ్చింది. తీగల కింద ఉండి వాటి అదురును పట్టే పికప్పులు రెండిట్ల ఒకటి మూగబోయింది. ఇంకోటి, ఇంటి పక్క పాలిష్ మిషిన్లు నడిస్తె చాలు, తీగ ముట్టకున్నా గుయ్యిమంటది. "కొత్తయి ఎయ్యి బిడ్డా, క్రిస్మస్‌కు వాయించాలె" అన్నడు. నేను కాలేజీల ఫిజిక్స్ ల్యాబు చూసుకునేదాన్ని, మా ఇంట్ల సోల్డరింగ్ వచ్చింది నాకొక్కదానికే.

కొత్త పికప్పులు తెప్పించి, రైలెక్కి తాండూరు పోయిన. దారి పొడుగూత ఒకటే ఫికర్. మోత మారితె? ఆయన చెవికి అందకపోతె? మిగిలిందే అదొక్కటి, అది గూడ నా చేతుల్తోని పోతే ఏం మొఖం పెట్టుకొని చూడాలె?

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, తీరా ఇప్పి చూస్తె కొత్త పికప్పులు గిటారు కట్టెల ఉన్న పాత గుంతలల్ల పట్టలే. ఆ పాత గిటార్ల కొలతలే వేరట. చిన్నాయన లేచిపోయి, రాయి చెక్కే ఉలి తెచ్చిండు. "అయ్యో, అది కట్టె చిన్నాయనా, రాయి గాదు!" అని మొత్తుకున్న. ఎవరికి వినపడాలె? ఆయన గుంత అంచు బియ్యపు గింజ మందం గీకి, పొడి ఉఫ్ఫని ఊది, "ఇగ ఎయ్యి" అన్నడు.

వైర్లు అతికించి, స్పీకరు డబ్బాకు తగిలించి స్విచ్చేసిన. గుయ్యిమనలే. పక్కన మిషిన్లు నడుస్తనే ఉన్నయి.

"కరెంటు పోయిందా?" అన్నడు చిన్నాయన. ఆ గుయ్యి లేకుంటె ఆయనకు కరెంటు లేనట్టే.

పాడు చేసిన్నేమో అనుకున్న. లావు తీగ మీటిన. అల్మారల స్టీలు గిన్నెలు గలగలమన్నయి. ఆయన తల ఎత్తలే. మళ్ల మీటిన. కండ్లు మూసుకున్నడు.

"ఇన్నేండ్లు నా వాయింపే ఇంటున్న అనుకున్న బిడ్డా. సగం మిషిన్లనే ఇన్న. గిది నాది" అన్నడు.

నాకు ఏడుపాగలే. చిన్నమ్మ వంటింట్ల నుంచి, "గిన్నెలు పడుతయి, జర తగ్గియ్యుండ్రి" అని అరిసింది. ఎప్పటిలెక్కనే ఆయనకు వినపడలే.

ఆ క్రిస్మస్‌కు మస్తు వాయించిండు. ఇప్పుడు ఫోన్ చేస్తె చిన్నమ్మనే మాట్లాడుతది. గిటారుకు గడ్డం ఆనించి వాయిస్తుండట, లేకుంటె మోత అందుతలేదట. కాలం ఆయన సన్న తీగలన్ని ఒక్కొక్కటే తెంపింది. ఆ లావుదాన్ని ఇంకెన్ని ఆదివారాలు ఉండనిస్తదో అని, కరెంటు పోయినప్పుడల్లా నాకు భయం.