ముడి వేసిన మొక్క

“అది కూర కాదమ్మా, గడ్డి. రేపు పొద్దుగాల మందు కొట్టేటాయన వస్తడు. ఇగ దాని ముచ్చట బంద్ చెయ్.”

“గడ్డి తినే గింత ఎత్తు పెరిగినవారా నువ్వు?”

“కాలనీల అందరు నన్నే అంటున్నరు. దోమలట, పాములట. రేపు ఎవలినన్న పాము కరిస్తే నువ్వు జవాబు చెప్తవా?”

“పాముంటే పామును జూడు. తుమ్మికూర నీకేం జేసింది?”

మా కొడుకు యాదగిరి మంచివాడే గాని, చెవులు మాత్రం వాళ్ల నాయనవి. తనకు నచ్చని మాట వాటిలోకి దూరదు. గడ్డిమందు డబ్బా అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. శంషాబాద్‌లో మేముండే ఇంటి పక్కన మాదే ఒక ఖాళీ ప్లాటు ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, అది పచ్చగా లేస్తుంది. కోపంతో అందులోకి దిగి ఒక తుమ్మి ఆకు తెంపి నలిపాను. ఘాటు వాసన ముక్కుకెక్కింది. నెత్తి మీద విమానం చెవులు పగిలేటట్టు మోత పెట్టుకుంటూ పోయింది. ఆ మోతలో కూడా నాకు బాలమ్మ నవ్వు వినపడింది.

బాలమ్మ నా పెద్ద యారాలు, అంటే మా బావగారి భార్య. ఆమె నవ్వితే పక్క ఊరు మామిడిపల్లి దాకా వినపడుతుందని మా మామ అనేవాడు. మనిషి ఎంత పెద్దదో చెయ్యి అంత పెద్దది. కూరలో నూనె పోస్తే ఆపేది కాదు. నేనేమో అగ్గిపుల్లను రెండుగా చీల్చి వాడే రకం. మా ఇద్దరికీ ఒకే వంటగది ఎలా సరిపోయిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నేను బడికి పోయింది తక్కువ. చేనులో నాకు తెలిసిందంతా ఆమె వెనక సాలులో నడుస్తూ నేర్చుకున్నదే.

కోడలిగా వచ్చిన మొదటి వానకాలం, జొన్న చేనులో కలుపు తీస్తున్నాం. మెప్పు పొందాలని నేను గబగబా పీకుతూ పోతున్నాను. బాలమ్మ మాత్రం నింపాదిగా వస్తూ, తుమ్మి, చెంచలి, దొగ్గలి, అటికమామిడి, పాయలకూర, ఇలా ఒక్కో రకంలో బలంగా ఉన్న మొక్కను చూసి, నడుముకు దోపుకున్న పాతగుడ్డ నుంచి పేలిక చింపి దాని కాడకు ముడి వేస్తోంది. ఏందక్కా అని అడిగాను.

“ఇవి ఇత్తునానికి. ముడేసినదాన్ని ముట్టొద్దు. మిగిలినయన్ని పీకు, వండుకోని తిందాం.”

విత్తనం రాలి మళ్లీ ఏడాది మొలవాలంటే ఒక్కటైనా నిలబడి పండాలి కదా, అదీ సంగతి. కానీ నా కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. ఇంత మంచి గుడ్డ పాడుచేయడం ఎందుకన్నాను. “నా చీర కాదులేవే, మీ బావ పంచె. ఆయనకెట్లాగు మోకాళ్ల దాకే గావాలె” అంది. కూలికి వచ్చిన ఆడవాళ్లు నవ్వలేక సాళ్లలో కూలబడ్డారు. ఆ పూట పని సగమే అయింది.

ఇన్ని రకాలు ఎందుకన్నది నాకు తెగని అనుమానం. రుచిగల చెంచలి ఒక్కటి ఉంచుకుని మిగిలినవి పీకి పారేస్తే చేను శుభ్రంగా ఉంటుంది కదా అని ఒకనాడు అన్నాను. బాలమ్మ కొడవలి కింద పెట్టి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“ఇంట్ల అందరు ఒక్క తీరుగ ఉంటే ఎట్లుంటదే? అందరు నీ లెక్క పిసినారోళ్లయితే పండుగ చేసేదెవలు? అందరు నా లెక్క ఉంటే పండుగ తెల్లారి తినేదేంది?”

ఆ మాట అర్థం కావడానికి ఒక ఎండిపోయిన ఏడాది కావలసి వచ్చింది. వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తులోనే మాడింది. చెంచలి పోయింది, దొగ్గలి వాడిపోయింది. నేల లోపలికి వేరు దించుకున్న అటికమామిడి, కాడల్లో నీళ్లు దాచుకున్న పాయలకూర మాత్రం పచ్చగా నిలబడ్డాయి. ఆ ఏడు మా పొయ్యి మీదికి కూర అంటూ ఎక్కిందంటే ఆ రెండే. రోజూ అదే వండినా బాలమ్మ పిల్లల ముందు పళ్లెం పెట్టి ఇయ్యాల కోడికూర అనేది, మర్నాడు చేపల పులుసు అనేది. పిల్లలు నవ్వుకుంటూ వేళ్లు నాకేవాళ్లు. వానలు మంచిగా పడ్డ ఏడు ఇంకో తమాషా. గట్టు మీద తుమ్మి తెల్లగా పూసేది, దాని మీద తేనెటీగలు ముసిరేవి. ఆ పూలకే మరిగి, జొన్న నడుమ వేసిన కంది పూతకు వచ్చేసరికి గట్టు దాటి కంది మీద వాలేవి. కాయ విరగకాసేది. వీటికి కూలి ఇస్తున్నమా, అన్నం పెడుతున్నమా అని బాలమ్మ అడిగేది. కూలి లేని పని అనేసరికి నాకూ ఆ ఈగల మీద గౌరవం కలిగింది. అప్పటి నుంచి గట్టు చెక్కడానికి ఎవరు వచ్చినా నేనే అడ్డం నిలబడేదాన్ని.

యాదగిరి అప్పుడు చిన్నవాడు. ఒకరోజు ముడి వేసిన తుమ్మిని వేళ్లతో సహా పీకి తెచ్చి గొప్పగా చూపించాడు. కొట్టడానికి నేను చెయ్యెత్తాను. బాలమ్మ ఆ పేలిక విప్పి వాడి మణికట్టుకు కట్టింది. “ఆ మొక్కకు బదులు ఇగ వీన్నే ఇత్తునానికి ఇడిసిపెడుతున్న. ఎవలు ముట్టొద్దు” అని చేనంతా వినపడేటట్టు చాటింది. ఆ సాయంత్రం నేను స్నానం చేయించబోతే, ముట్టొద్దన్నది పెద్దమ్మ అని వాడు ఇల్లంతా పరుగెత్తాడు.

విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. మా చేను కూడా అమ్మేసి ఇక్కడికి వచ్చాం. సామాను ఎక్కించేరోజు అందరూ మంచాలు, బిందెలు మోస్తుంటే బాలమ్మ రెండు గంపల మన్ను తెచ్చి ఆటోలో పెట్టించింది. ఎండిన మొక్కల కింద గట్టు ఊడ్చి, రాలిన గింజలతో సహా ఎత్తిన మన్ను అది. ఆటో నడిపేవాడు, శంషాబాద్‌ల మన్ను దొరకదా అవ్వా అని వెక్కిరించాడు.

“మన్ను దొరుకుతది బిడ్డా. గిండ్ల పండుకున్నోళ్లు దొరకరు.”

ఆ రెండు గంపలూ ఈ ఖాళీ ప్లాటులో తన చేత్తో చల్లింది. మరుసటి వానకు తుమ్మి మొలిస్తే గోడ పక్కన నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఇప్పుడామె లేదు. ఆమె చల్లినవి మాత్రం ఏటా లేస్తున్నాయి. పీకేవాళ్లే లేనప్పుడు ముడి ఎందుకని నేనూ వేయలేదు.

మందు డబ్బా ఇంటికొచ్చిన ఆ సాయంత్రం వేశాను. పెట్టెలోంచి ఎర్ర నూలు చీర తీసి చింపాను. నా చేత్తో చీర చింపడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మందుకు ముడి తెలియదని నాకు తెలుసు. అయినా చీకటి పడేదాకా రకానికొకటి వెతికి కట్టాను. యాదగిరి కిటికీలోంచి చూశాడు.

తెల్లారి లేచి వెళ్లేసరికి మందు డబ్బా అరుగు మీదే ఉంది, మూత తీయలేదు. మందు కొట్టే మనిషి కొడవలి పట్టుకుని వయ్యారిభామ కోస్తున్నాడు. అది దురద పెట్టే పిచ్చిమొక్క, పోవలసిందే. పక్కన మా వాడు నిలబడి, “ముడేసినయి ముట్టకు అన్నా, అవి ఇత్తునానికి” అంటున్నాడు. గోడ మూలన అటికమామిడి ఒకటి ఉంది, చీకట్లో నాకు కనపడలేదు. దాని కాడకు నీలిగళ్ల పేలిక కట్టి ఉంది.

“మంచి లుంగీ చింపినవేందిరా?”

“పాతదేనమ్మా.”

“పాతదేంది, మొన్న దసరాకు కొన్నది.”

వాడు నవ్వాడు. వాళ్ల పెద్దమ్మ అంత గట్టిగా కాదు గాని, పక్కింటికైతే వినపడింది. ముడి లేని దొగ్గలి ఒడినిండా తెంపుకొచ్చి పప్పులో వేశాను. నూనె కొంచెం ఎక్కువే పోశాను. వాడు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. తర్వాత మిగిలిన లుంగీ ఉతికి ఆరేసి, మడతపెట్టి పెట్టెలో దాచాను. వచ్చే వానకాలానికి పేలికలు కావాలి.