సింగపూరు కవళ్ళ పులుసు

గంగాలమ్మ సింగపూరు దేశాన్ని పులుసు పెట్టి అల్లుడికి వడ్డించింది. దేశమంతా ఒక గిన్నెలో పట్టదు లెండి, అందులో పదోవంతు. చింతపండు మాత్రం నికార్సైనది.

ముప్పై ఏళ్లుగా విశాఖ చేపలరేవులో గంప ముందు కూర్చునే మనిషి ఆవిడ. అల్లుడు గణేష్ అచ్యుతాపురంలో వెల్డరు. సింగపూరు ఓడల యార్డులో నాలుగింతల జీతం, కుటుంబాన్నీ తీసుకెళ్లొచ్చు అని ఒక ఏజెంటు ఊరించాడు. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. ఔనంటే కూతురు ఆశ, రెండేళ్ల మనవరాలు విమానం ఎక్కేస్తారు. ఆ మాట గంగాలమ్మకి మింగుడుపడలేదు.

గణేష్ భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని రేవుకే వచ్చి ఫోను తీశాడు. "సూడత్తా, రెండు దేశాల్లోనూ సగటు ఇంటి ఖర్సు. నూటికి దేనికెంతో."

"ఈ సగటోడు ఎవులు బాబూ? ఏ వీధి?"

"మనిసి కాదత్తా, లెక్క."

"లెక్కయితే నా కళ్లకి కనబడాల."

వేలెడంత కవళ్ళు చేపలు నూరు చొప్పున లెక్కబెట్టి రెండు గంపల్లో పోసింది. అల్లుడు చదువుతుంటే పట్టా మీద కుప్పలు పెట్టింది. ఇక్కడి సగటోడికి తిండికి నలభై, ఇంటికి పదిహేను, బడికీ ఆసుపత్రికీ ఇరవై, బస్సులకీ ఫోన్లకీ పదిహేను. గంపలో పది మిగిలాయి.

"ఇప్పుడు సింగపూరు. ఇంటికి నలభై."

"నలబయ్యా! మరి తిండికో?"

"ఇరవై."

"అయితే ఆళ్లు గోడలు నాకి బతుకుతారేటి?"

బడికీ ఆసుపత్రికీ పదిహేను, బస్సులకీ ఫోన్లకీ పదిహేను. "మిగులు పది" అని చదివి గణేష్ ఫోను మీంచి తలెత్తాడు. గంపలో ఒక్క చేపా లేదు.

పడవ ఒడ్డుకొచ్చాక వాటాలు వేసేముందే ఇంటి కూరకని కొన్ని చేపలు పక్కన తీయడం రేవులో ఆచారం. సముద్రం అవతలి సరుకు కదా, గంగాలమ్మ చెయ్యి అలవాటు కొద్దీ రెండో గంపలోంచి ముందే పది తీసి కొంగు కింద పెట్టిందని కొందరంటారు. అలవాటేమీ కాదని ఇంకొందరు. ఆశ చూసింది. తల తిప్పుకుని పిల్లకు జడ వేసింది.

"ఫోన్లో పదుందత్తా."

"సేప కుళ్లొచ్చు గానీ అబద్దమాడదు బాబూ."

గణేష్ గంప బోర్లించి చూశాడు. నాలుగింతల సున్నా కూడా సున్నాయే. ఏజెంటుకు కాదని మెసేజి పెట్టేశాడు. మధ్యాహ్నం అత్తగారింట్లో కవళ్ళ పులుసు మారు వడ్డించుకుని తిన్నాడు.

ఈ సంగతి ఎవరైనా అడిగితే గంగాలమ్మ గంప మీద నీళ్లు చిలకరిస్తూ కొట్టిపారేస్తుంది.

"సింగపూరేటి, నాను కొంగు కింద దాయడమేటి? ఆ రోజు రేవుకి కవళ్ళే రాలేదు. అసలు నాకు నూరు లెక్కెట్టడమే రాదు. కొంటే కొను, లేపోతే లెగు."