వీరబాబు మాట్లాడిన రెండు నిమిషాలు

రెండు వేల ఇరవై మూడు వేసవి. అమలాపురంలో మా స్టూడియోకి ఊపిరాడని కాలం అది. వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే కోనసీమలో పందిరి లేని వీధి ఉండదు. ఇరవై రెండేళ్లుగా నా పని పెళ్లి వీడియోలు తీయడం, వాటిని ఎడిటింగ్ చేయడం. ఎడిటింగ్ అంటే కత్తిరించడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి పెళ్లివారు ఏది గుర్తుపెట్టుకోవాలో, ఏది మరిచిపోవాలో మేమే తేల్చేస్తాం. భోజనాల దగ్గర జరిగిన గొడవ మా చేతుల్లోనే మాయమవుతుంది, పీటల మీద పెళ్లికొడుకు ఆవలించడం కూడా. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని కాస్త గీర ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

ఆ వేసవిలో ముమ్మిడివరం వైపు నుంచి సతీష్, వీరబాబు అని ఇద్దరు కుర్రాళ్లు స్టూడియోకి వచ్చారు. ఇద్దరూ ర్యాప్ పాడతారు. యూట్యూబ్‌లో వాళ్ల పాటలకు ఓ మోస్తరు పేరుంది. నా చెవికి మాత్రం ఆ పాటలు కుళాయి దగ్గర దెబ్బలాటలాగే ఉండేవి. సతీష్ మొబైల్ షాపులో పనిచేస్తాడు. వీరబాబు రొయ్యల చెరువుల మీద మేత వేస్తాడు. రోళ్లు పగిలే ఎండలో నెత్తి మీద టోపీ, మెడలో ఫ్యాన్సీ షాపు గొలుసు, ఒంటి మీద దుప్పటంత మందం హుడీ.

"చెమటకాయలు లేస్తాయిరా" అన్నాను.

"గెటప్పండి బాబాయ్ గారూ. ఉండాలండి" అన్నాడు వీరబాబు.

వాళ్లు సినిమా తీస్తారట. కెమెరా, అందులోకి మెమరీ కార్డులు, ఎడిటింగ్ నావి. మిగతాదంతా వాళ్లది.

"కథేంట్రా?" అని అడిగాను.

"పగండి. చెరువులో మందు కలిపేసి రైతు ఉసురు తీసేసినోడి మీద కొడుకు పగ తీర్చుకుంటాడండి" అన్నాడు సతీష్.

"కొడుకు వేషం ఎవరిది?"

"నాదేనండి" అన్నాడు వీరబాబు, నవ్వుతూ.

అతను కూల్‌డ్రింక్ తేవడానికి బయటికి వెళ్లినప్పుడు సతీష్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. నాలుగేళ్ల కిందట వీరబాబు తండ్రి చెరువులో ఎవరో నిజంగానే మందు కలిపారు. రొయ్యలన్నీ తెల్లగా తేలిపోయాయి. వారం తిరగకుండా ఆయన అదే గట్టు మీద పురుగుల మందు తాగాడు. కలిపింది ఎవరో తేలనే లేదు. ఆనాటి నుంచి వీరబాబు ఇంట్లో తండ్రి ఊసు ఎత్తలేదట. తల్లి ఎత్తినా లేచి వెళ్లిపోతాడట. సినిమా పేరు 'పట్టుబడి'. పంట చేతికొచ్చాక చెరువులో రొయ్యలు పట్టే రోజును మా వైపు అలాగే అంటారు. ఆ తండ్రికి ఆ రోజు రాలేదు.

షూటింగ్ చూస్తే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ప్లాస్టిక్ పైపుకి నల్లరంగు వేస్తే తుపాకీ. బెల్లం పాకంలో రంగు కలిపితే రక్తం. దానికి చీమలు పట్టి చచ్చిపోయినవాడు లేచి గెంతేవాడు. సఖినేటిపల్లి రేవులో బళ్లనూ మనుషులనూ గోదావరి దాటించే పంటు మీద మోటారుసైకిళ్ల ఛేజింగ్ పెట్టారు. పంటు ఎంత మెల్లగా వెళ్తే ఛేజింగూ అంతే. విలన్ వేషం సుబ్బారావు గారిది. రామచంద్రపురం ఆయనది, ముప్పై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో రాగాలు తీసిన మనిషి. వీరబాబు ర్యాప్ మొదటిసారి విని, "కుర్రోడికి దమ్ముందండోయ్. పద్యం నేర్పితే మనల్ని ఇంటికి పంపించేస్తాడు" అన్నారు.

ఇక్కడ మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఇలాంటి సినిమాల్లో షూటింగ్‌లో మాట్లాడిన మాటలు తెర మీదికి రావు. తర్వాత గదిలో కూర్చుని, బొమ్మ చూస్తూ మళ్లీ చెబుతారు. అది డబ్బింగ్. షూటింగ్‌లో కెమెరాకున్న మైకు పట్టుకున్న శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. గాలి, కాకులు, బస్సు హారన్లు అన్నీ అందులో ఉంటాయి. డబ్బింగ్ చెప్పేవాడు దాన్ని విని తన మాట తను గుర్తు తెచ్చుకుంటాడు, అంతే. డబ్బింగ్ అయ్యాక దాని మొహం ఎవరూ చూడరు.

క్లైమాక్స్ తీసిన రోజు నేనూ చెరువు గట్టు మీదే ఉన్నాను. మర్నాడు అంబాజీపేటలో పెళ్లి ఉంది. కెమెరా, కార్డులు నాకు కావాలి. తీసుకుపోదామని వెళితే, "అయిపోతందండి, ఒక్క షాటండి" అని సతీష్ నా చేతిలో థర్మాకోల్ అట్ట పెట్టాడు. వెలుతురు మొహం మీద పడేలా దాన్ని పట్టుకోవాలి. సినిమా మొత్తంలో కొడుకు వీరా నోరు విప్పేది అక్కడొక్కచోటే. స్క్రిప్టులో ఆ పేజీ మీద 'వీరా మాట్లాడతాడు' అని మాత్రమే ఉంది. మిగతా పేజీ అంతా ఖాళీ.

"ఏం మాట్లాడతావో రాసుకోలేదేంట్రా?" అన్నాను.

"రాస్తే రావట్లేదండి. అక్కడ నిలబడితే వస్తాదండి" అన్నాడు వీరబాబు.

సుబ్బారావు గారు గట్టు మీద వెల్లకిలా పడుకున్నారు. వీరబాబు టోపీ కళ్ల మీదికి లాక్కుని ఆయన ఎదురుగా నిలబడ్డాడు. కెమెరా వెనక సతీష్. వీరబాబు ర్యాప్‌తో మొదలుపెట్టాడు. కాసేపటికి తాళం వదిలేసి మామూలుగా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. రెండు నిమిషాలు. ఒక్కటే టేక్. కట్ చెప్పాక ఎవరినీ చూడకుండా వెళ్లి చెరువు నీళ్లతో మొహం కడుక్కున్నాడు. నేను కార్డు తీసుకుని బండెక్కాను.

ఇంటికొచ్చి కార్డులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే నా కంప్యూటర్ మొరాయిస్తుంది. అందుకని బరువు తగ్గించి ఎక్కిస్తాం. దానికి ముందే చేసి పెట్టుకున్న సెట్టింగ్ ఒకటి ఉంది. దాని పేరు 'పెళ్లి'. అది బొమ్మను ఉంచి శబ్దాన్ని తీసేస్తుంది. పెళ్లి వీడియోకి శబ్దంతో పనేముంది? సన్నాయి, మైకులో పంతులు గారు, పిల్లల ఏడుపులు, ఒకదాని మీద ఒకటి. వాటి మీద సినిమా పాటలు పరిచేస్తాం. మా వైపు స్టూడియోలన్నింటిదీ అదే పద్ధతి, జనం కూడా అదే కావాలంటారు. ఇరవై రెండేళ్లుగా నొక్కుతున్న బటన్ కదా, చెయ్యి దానంతటదే నొక్కేసింది. ఎక్కింది కదా అని కార్డు తుడిచేసి మర్నాడు పెళ్లికి పట్టుకెళ్లాను. అలవాటులో పొరపాటు అని తేలిగ్గా అంటూ ఉంటాం. ఆ మాట ఇప్పుడు నా నోటి వెంట రాదు.

మూడు రోజుల తర్వాత ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు శబ్దం లేదని చూశాను. పెద్దగా కంగారు పడలేదు. ఎలాగూ డబ్బింగ్ చెబుతారు కదా, వీరబాబుకి గుర్తుండకపోతుందా అనుకున్నాను. వాళ్లతో అనలేదు.

డబ్బింగ్ ఇంకో ఐదు రోజులుందనగా వీరబాబు పోయాడు. చెరువులో నీళ్లు చిలికే చక్రాన్ని ఏరియేటర్ అంటారు. దాని కరెంటు వైరు తొడుగు ఊడి నీళ్లలో పడి ఉంది. మేత వేయడానికి దిగినవాడు మళ్లీ గట్టెక్కలేదు. ఇరవై నాలుగేళ్లు.

దినాలయ్యాక సతీష్ వచ్చాడు. 

"సినిమా ఆపను బాబాయ్ గారూ. మిగతావోళ్లందరం డబ్బింగ్ చెప్పేస్తామండి. ఆడిది మాత్రం పైలట్టే ఉంచేద్దామండి. గాలి ఉన్నా పర్వాలేదండి" అన్నాడు. మళ్లీ తనే, "ఆ రోజు ఇంటికెళ్లి ఆళ్లమ్మతో అన్నాడంటండి, నాన్న గురించి ఈయాళ మొత్తం చెప్పేసేనే, సినిమాలో విందువు గాని అని. ఆవిడ దానికోసమే చూస్తన్నారండి" అన్నాడు.

"కార్డు కరప్ట్ అయిపోయిందిరా. సౌండ్ పోయింది" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

పోయిన ఫైళ్లు వెతికిచ్చే రాజమండ్రి వాళ్లకు కార్డు పంపాను. దాని మీద అప్పటికే నాలుగు పెళ్లిళ్లు ఎక్కాయి. ఏమీ రాలేదు. కంప్యూటర్‌తో గొంతు తయారుచేయించవచ్చని ఎవరో సతీష్‌కి చెప్పారు. గొంతు సరే, మాటలెక్కడివి? టోపీ నీడలో పెదవులు కూడా సరిగా కనబడవు. సతీష్‌ని గుర్తుచేసుకోమన్నాను. "ఫోకస్ చూసుకుంటన్నానండి. ఆళ్ల నాన్న చెప్పులు గట్టు మీదున్నాయని ఏదో అన్నాడండి. కెమెరాలో ఉంటాది కదా అనుకున్నానండి" అని ఏడ్చేశాడు. సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. "ఏం చెప్పమంటారండీ. చచ్చిపోయేటప్పుడు మొహం ఎలా పెట్టాలా అని ఆలోచించుకుంటన్నాను. సిగ్గుగా ఉందండి" అన్నారు.

ఇంకో వారానికి వీరబాబు తల్లి మంగాయమ్మ గారు ఒక్కరే బస్సులో వచ్చారు. ఆవిడ చేతిలో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది.

"అన్నయ్య గారూ, మా అమ్మాయి పెళ్లి మీరే తీసేరండి. రెండేళ్లయ్యిందండి."

"ఆయ్. ఇప్పుడు గుర్తొచ్చిందమ్మా."

"అప్పగింతలప్పుడు వీడు మైకు పట్టుకుని ఏదో మాట్లాడేడండి. అందరూ నవ్వేరండి. టీవీలో ఏస్తే అక్కడ సినిమా పాట వస్తందండి. మీ దగ్గర అసలుది ఉంటాది కదండీ? యూట్యూబులో ఉన్నది వాడి పాట గొంతండి, నాకు తెలవదు. సతీష్ ఫోనులో వాడు పంపిన 'వస్తన్నా రా, ఉండు' అన్న ముక్క ఉందండి. రోజూ అదే వింటన్నానండి. సినిమాలోది పోయిందన్నారు కదా, పోనీ ఇదన్నా వింటానండి."

వీడియో పెట్టాను. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, మైకు పట్టుకుని వీరబాబు నవ్వుతూ మాట్లాడుతున్నాడు. దాని మీద నేను పరిచిన పాట. పాట ఆపేస్తే ఇంకేమీ లేదు. ఆవిడ ఇంకా ఏదో వస్తుందని తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

"అసలుది లేదమ్మా. మేం ఎక్కించేటప్పుడే మాటలు తీసేస్తాం" అన్నాను.

"అందరివీనాండీ?"

"అందరివీనమ్మా." ఇక దాచడం నా వల్ల కాలేదు. "సినిమాలోదీ అంతే. కార్డు పాడవలేదు. నేనే తీసేశాను. సతీష్‌కి అబద్ధం చెప్పాను."

తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆవిడ పెన్‌డ్రైవ్‌ను కొంగు చివర ముడి వేసుకున్నారు.

"ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారంట కదండీ. తెల్లట్ట పట్టుకుని."

"ఉన్నానమ్మా."

"మరి మీరు వినే ఉంటారు కదండీ. వాళ్ల నాన్న గురించి ఏమన్నాడో మీరు చెప్పండి. నాలుగు ముక్కలైనా చాలండి."

ఆ క్షణంలో నా నాలిక చివరికి ఒక మాట వచ్చింది. 'నాన్న అంత మంచివాడు లేడన్నాడమ్మా' అంటే సరిపోతుంది. ఆవిడ నమ్ముతారు. జన్మంతా నేను చేసిన పని అదే, లేనిది అతికించి ఉన్నది తీసేయడం. కానీ ఆవిడ మొహం చూశాక ఆ మాట అనలేకపోయాను. అట్ట పట్టుకున్న రెండు నిమిషాలూ నేను ఆలోచించింది అంబాజీపేట పెళ్లికి లైట్లు సరిపోతాయా లేదా అని.

"వినలేదమ్మా" అన్నాను.

"ఆయ్" అన్నారావిడ. "బస్సుంటాది, వెళ్లొస్తానండి" అని లేచారు.

ఆ సాయంత్రమే సతీష్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. "సరేనండి" అని పెట్టేశాడు. మర్నాడు హార్డ్ డిస్క్ తీసుకుపోయాడు. మళ్లీ నా గుమ్మం తొక్కలేదు.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది చిన్న మాట. కెమెరా వింటోంది కదా అని మనం వినడం మానేయకూడదు. 'పెళ్లి' అన్న సెట్టింగ్ తీసేశాను. ఇప్పుడు ప్రతి పెళ్లి శబ్దమూ విడిగా దాచి ఇస్తున్నాను. పాటలు బాగా పడ్డాయా అనే తప్ప ఆ శబ్దం గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. దాచినందువల్ల నా మనసు కుదుటపడిందని చెబితే అది ఇంకో అబద్ధం.

సతీష్ సినిమాను యూట్యూబ్‌లో పెట్టాడు. క్లైమాక్స్‌లో వీరబాబు గొంతుకి ఎవరి చేతా డబ్బింగ్ చెప్పించలేదు. సంగీతం కూడా వేయలేదు. రెండు నిమిషాలు టోపీ నీడలో పెదవులు కదులుతున్నట్టు కనిపిస్తాయి, అంతే. కింద కామెంట్లలో జనం రాస్తూనే ఉన్నారు: సౌండ్ ఎగిరిపోయింది బ్రో, చూసుకోండి. సతీష్ ఎవరికీ జవాబివ్వడు. నేనే రోజూ పొద్దున్న స్టూడియో తెరవగానే, కొత్తగా అడిగిన ప్రతివాడి కింద ఒకటే రాస్తున్నాను: "సౌండ్ ఎగిరిపోలేదండి. నేను తీసేశాను."