కత్తెర లేని పిల్ల

నా చిన్నప్పుడు పులివెందులలో మా వీధి పిల్లలెవరూ నాతో ఆడేవాళ్లు కాదు. నాకు దెబ్బ తగిలితే రక్తం ఒక పట్టాన ఆగేది కాదు. పాలపన్ను ఊడిన రోజు పొద్దుగూకేదాకా నోట్లో గుడ్డ పెట్టుకుని కూర్చున్నాను. అది చూసినప్పటి నుంచి, ఆ పిల్లకు ఏమన్నా అయితే మన మీదికి వస్తుందని తల్లులు తమ పిల్లల్ని నా దగ్గరికి రానిచ్చేవారు కాదు. వసారాలో కూర్చుని వాళ్ల ఆటలు చూసీ చూసీ ఏడవడం కూడా మానేశాను.

మా అవ్వది వేరే వైద్యం. రక్తం పలచబడిందని తనే తేల్చేసి, చిక్కబడాలని ప్రతి ముద్దకూ నెయ్యి పోసేది. నేను గుండ్రంగా తయారయ్యాను గానీ రక్తం తన పద్ధతి మార్చుకోలేదు.

ఆ వేసవిలో జమ్మలమడుగులో సైన్సు టీచరుగా పనిచేసే మా మేనత్త వచ్చింది. నన్ను పరీక్షించిన మద్రాసు డాక్టరు చెప్పినదంతా మా నాన్న దగ్గర విని, "కొవ్వు తక్కువై కాదు మా, ఆ కొవ్వును కత్తిరించేది లేక" అంది అవ్వతో. అవ్వకు అర్థం కాలేదు, నాకూ కాలేదు.

మర్నాడు అత్త ఒక్కో తల్లినీ బతిమాలి పిల్లల్ని మా మేకల దొడ్లోకి తెచ్చింది. అందరి భుజాలకూ పాత చీరముక్కలు కప్పి, మీరంతా రక్తంలో తిరుగుతూ గాయాల్ని మూసే ప్లేట్‌లెట్ కణాలు అంది. కంచెలో ఉన్న సందు గాయం. మేక బయటికి పోతే రక్తం పోయినట్టు. సందు దగ్గర నిలబడిన కణం తన ఒంటి కొవ్వుపొరలోంచి, అంటే కప్పుకున్న చీరలోంచి, ఒక ముక్క కత్తెరతో కత్తిరించి చూపాలి. అదే పిలుపు. అది చూసి మిగతావాళ్లు పరుగున వచ్చి చేతులు కలిపి సందు మూసేయాలి. ముక్క కనపడకపోతే ఎవరూ కదలకూడదు. మన ఒంట్లో ఆ కత్తెర పని చేసేది ఒక ఎంజైము అని చెప్పింది.

ఆట బాగా సాగింది. నా వంతు వచ్చేసరికి అత్త కత్తెరను నాకివ్వకుండా నడుముకు దోపుకుని మేకల్ని అదిలించింది. ఒకటి నా పక్కనుంచే దాటిపోయింది, దాని వెనక ఇంకొకటి. పిల్లలు నన్ను చూస్తూ, చెప్పిన ప్రకారం ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. రోజూ అలాగే దూరంగా నిలబడేవాళ్లు కదా, నాకు ఏడుపు ఆగలేదు.

అత్త దగ్గరికొచ్చి, "కత్తెర లేకుంటే పోనీలేమ్మా, నోరుండాది గదా. పిలువు" అంది.

ఎవరినైనా పిలిచే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. అయినా "రాండి" అన్నాను. అందరూ వచ్చారు. రెండు పక్కల నుంచీ నా చేతులు పట్టుకున్నారు. ఎన్నాళ్లుగానో నన్ను ఏ పిల్లా తాకలేదు. మిగిలిన మేకలు లోపలే ఆగిపోయాయి.

ఆ ఆటతో జబ్బేమీ నయం కాలేదు. అవ్వ నెయ్యీ ఆపలేదు. దెబ్బ తగిలితే గట్టిగా అదిమిపట్టి, దాచుకోకుండా మనుషుల్ని కేకేయడం మాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక్కదాన్నే ఉంటున్నాను. కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితే పక్కింటి అమ్మాయిని పిలుస్తాను. వచ్చి కట్టు కట్టి, కాసేపు కూర్చుని పోతుంది. ఒక్కోరోజు వేలు తెగదు, ఇల్లు మాత్రం మరీ మూగగా ఉంటుంది. ఆ రోజు కూడా సిగ్గుపడకుండా పిలుస్తాను.