మాజిదా నోట పాండు మాట

శంషాబాద్ బస్టాండు ఎదురుగా నాకో జిరాక్స్ దుకాణం ఉంది. అందులో సగం బల్ల మాజిదాది. ఎయిర్‌పోర్టు కార్గోలో శవపేటికలతో పాటు వచ్చే అరబ్బీ కాగితాలను తెలుగు చేసి, ఇంటివాళ్ళకు చదివి వినిపించడం ఆమె పని. నా గిరాకీకి అడ్డమని రోజూ గొణుగుతాను. ఆమె పట్టించుకోదు.

ఈ విద్య ఆమె ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. అరబ్బీ నుంచి తిన్నగా తెలుగుకు తెచ్చే పుస్తకం ఎంత వెతికినా దొరకలేదట. అందుకని అరబ్బీ నుంచి ఉర్దూకు ఒక నిఘంటువు, ఉర్దూ నుంచి తెలుగుకు ఇంకొకటి, అట్ట ఊడిన అభ్యాస పుస్తకం ఒకటి పెట్టుకుని ఇరవై ఏళ్ళు కుస్తీ పట్టింది. నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి, రోజుకు పది వాక్యాలు రాసి, గట్టిగా చదివేది. ఆ అభ్యాస పుస్తకం మొదటి పాఠంలో ఒక నియమం ఉంది: ఎవరి మాట చెబుతుంటే వాళ్ళయి చెప్పు, ‘అతను ఇలా అన్నాడు’ అనకు. మాజిదా దాన్ని ఎన్నడూ తప్పలేదు. కాగితంలో లేని మాట ఒక్కటి కూడా కలపదని పేరు. ఆ పేరు మీదే ఆమె బతుకు.

పోయిన చలికాలంలో పోచమ్మ వచ్చింది. దగ్గరి పల్లె ఆమె. కొడుకు పాండు గల్ఫ్‌లో ఖర్జూర తోటలో పనిచేస్తూ జ్వరమొచ్చి పోయాడు. పేటిక వచ్చి వారమైంది. చేతిలో ఆస్పత్రివాళ్ళు రాసిన వాంగ్మూలం, అదీ మొదటి పేజీయే. రెండోది తర్వాత పంపుతామన్నారట.

“నా కొడుకు ఏమన్నడో సదువు బిడ్డా.”

నేను తొందరపడి ఫోన్ తీసి, తర్జుమా చేసే యాప్‌లో కాగితాన్ని ఫొటో కొట్టాను. ఫోన్‌లోని ఆడగొంతు ఒక్కొక్క మాటే పొడిగా అప్పజెప్పింది. పోచమ్మ ఫోన్‌ను చేత్తో పక్కకు నెట్టేసింది.

“గది వద్దు. నువ్వు చెప్పు.”

మాజిదా మొదలుపెట్టింది. “నేను కుర్మయ్య కొడుకు పాండును. నాకు మూడు దినాల సంది జ్వరం. అమ్మకు ఒక మాట చెప్పాలె. అమ్మా, నేను...”

పేజీ అక్కడితో అయిపోయింది. సరిగ్గా అప్పుడే మా మీదుగా విమానం వెళ్ళింది. ఇక్కడ మాకందరికీ ఒక అలవాటు. విమానం మోత రాగానే మాట ఆపేస్తాం, అది పోగానే ఆపినచోట అందుకుంటాం. మాజిదా కూడా ఆగింది. మోత తగ్గగానే అలవాటుగా అందుకుంది.

“...నేను రాకపోయినా కొమ్మిరిగిన మేకను అమ్మొద్దే.”

నేను కాగితాన్ని తిప్పి చూశాను, వెనక ఖాళీ. పోచమ్మ మాత్రం మాజిదా మొహంలోకి చూస్తూ, “అమ్మనురా. నీ మేకను నేనెందుకు అమ్ముత?” అంది.

ఆమె పోయాక, ఆ మాట ఎక్కడిదని మాజిదాను గట్టిగానే అడిగాను.

“కాగితంల లేదన్నా. నాకు మేకల సంగతి ఏం ఎర్క? నోట్లకెళ్ళి వచ్చింది, గంతే.”

తర్వాత ప్రతి మంగళవారం పోచమ్మ రావడం మొదలైంది. కాగితం బల్ల మీద పరిచి ఎదురుగా కూర్చునేది. మాజిదా చదివేది, ఆ చివరి మాట దగ్గర ఆగాలని పళ్ళు బిగబట్టేది. విమానం వచ్చేది, పోయేది. మళ్ళీ ఏదో ఒకటి వచ్చేది. ఒకసారి ఎడమ మడమ నొప్పి, ఒకసారి బావి గట్టు మీది పచ్చ తువ్వాల. గొంతు మాజిదాదే, నేను కాదనను. కానీ ఆ విసుగు, ఆ గారాబం ఆమెవి కావు. పోచమ్మ ఒక్కదాన్నీ తప్పనలేదు. నాకు మాజిదా మీద కోపం వచ్చేది, భయం కూడా వేసేది. రెండో పేజీ వచ్చిందంటే ఈమె కలిపిన మాటలన్నీ బయటపడతాయి. ఇరవై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.

నెల దాటాక ఆ పేజీ వచ్చింది. పోచమ్మే తెచ్చింది.

మాజిదా లోలోపల ఒకసారి చదువుకుంది. నిఘంటువు తీసి ఒక మాట చూసింది. మళ్ళీ చూసింది.

“అమ్మా, నీకు నేను అబద్ధం చెప్పిన. మేక, తువ్వాల, ఇవేవీ ఇందుల లేవు. ఇంకోటి కూడ... రోగి నోట మాట రాలేదు, సైగలు చూసి ఆస్పత్రి దుబాసీ తోచినట్టు రాసిండు అని ఉంది. ముందటి కాగితం కూడ నీ కొడుకు చెప్పింది కాదమ్మా. నన్ను మాఫ్ చెయ్యి.”

ఆమె తిట్టిపోస్తుందనుకున్నాను. పోచమ్మ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

“ఎర్కనే బిడ్డా. మా పాండుకు పుట్టినకాడికెళ్ళి మాట లేదు. మూగోడు.”

ఆ నెలంతా మా ఇద్దరిలో ఎవరమూ అడగని సంగతి అది.

“ముప్పై రెండేండ్లు సాదిన. వాడు అమ్మా అంటె ఎట్లుంటదో నాకు ఎర్క లేదు. గీ బల్ల కాడనే ఇన్న.” ఆమె మాజిదా చేయి పట్టుకుంది. “నువ్వే అను, వాడే అనని. నాకు ఫరక్ లేదు. ఇంకొక్కసారి పిలిపియ్యి.”

వద్దని చెబుదామనుకున్నాను. అప్పటికే మాజిదా నిఘంటువులు రెండూ మూసేసింది. పైన విమానం మోత మొదలైంది. అది పోయేదాకా ముగ్గురం కదలకుండా కూర్చున్నాం.

“అమ్మా” అంది మాజిదా.

“ఓ కొడుకా” అని పలికింది పోచమ్మ.