కుడి మూత పగలు, ఎడమ మూత రాత్రి

కళ్ళజోళ్ళు అమ్మే అద్దాలాయన షాపుకు వచ్చిన మనిషి గోడ మీది అక్షరాల బోర్డులో ఆఖరి వరుస చదవకుండా బయటికి పోవడం ఉండదు. చదవలేకపోతే ఆయనే పక్కన నిలబడి చదివి వినిపిస్తాడు, అంత సేవాభావం. అలాంటివాడి కళ్ళు ఒక ఆదివారం భార్య వాడే ముఖం క్రీము ట్యూబు వెనక, చీమ తలకాయంత అక్షరాల మీద పడ్డాయి. ఇక ఇంట్లో మనశ్శాంతి కరువైంది.

"ఏమే, పారాబెన్ అంటే ఏంటో తెలుసా?"

"ఎవరు, మీ చుట్టాలా?" అందావిడ బట్టలు మడతపెడుతూ.

"క్రీము పాడవకుండా కలిపే మందట. దాంతో కేన్సరొస్తుందని ఫోన్లో చెప్తున్నారు."

కిందటేడు ఆయన అక్క ఆ జబ్బుతోనే పోయింది. తల్లి లేని లోటు తెలియకుండా పెంచిన మనిషి. అప్పటినుంచీ ఆయన నవ్వడం మానేసి భయపడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ భయం వచ్చి భార్య పక్కన కూర్చుంది. ఈవిడ కూడా లేకుండా పోతే?

ఆ సాయంత్రమే క్రీములు, పౌడర్లు, షాంపూలు, చివరికి బూటు పాలిష్ కూడా చెత్తబుట్ట పాలయ్యాయి.

"పాలిష్ ముఖానికి ఎవరు రాసుకుంటారండీ?"

"ముందు జాగ్రత్త."

మర్నాటి నుంచి వంటగది ఆయనది. తేనెమైనం కరిగించి, కొబ్బరినూనె పోసి, కలబంద గుజ్జూ కాచి చల్లార్చిన నీళ్ళూ కలిపి, ఈల వేసుకుంటూ గిలక్కొట్టాడు. పొయ్యి గట్టంతా జిడ్డు చేశాడు. తయారైన దాన్ని షాపులో అమ్మే, కళ్ళలో పెట్టుకునే లెన్సులు దాచుకునే జంట డబ్బీల్లో నింపాడు. కుడి మూత కింది క్రీము పగలు రాయాలి, ఎడమ మూత కిందిది రాత్రి. రెండింటిలో ఉన్నదీ ఒకటే, కానీ ఆ ముచ్చట కాదనే ధైర్యం ఎవరికుంది? భార్య తు.చ. తప్పకుండా రాసుకుంది.

"ఎలా ఉంది?" అని రోజూ అడిగేవాడు.

"బ్రహ్మాండం" అనేది.

కొన్నాళ్ళకు ఆవిడ ఇంట్లో కూడా ముఖానికి స్కార్ఫు చుట్టుకోవడం మొదలుపెట్టింది. జలుబంది. ఆయన నమ్మాడు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి, ఇంట్లో అంతకంటే పరీక్షగా చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి ఎర్రబడ్డ కళ్ళతో షాపుకు వచ్చి, తన లెన్సుల డబ్బీ గాజుబల్ల మీద పెట్టింది. లెన్సులు మామూలు నీళ్ళలో వేస్తోందట. అద్దాలాయన ఒంటికాలి మీద లేచాడు.

"మామూలు నీళ్ళా! తడి ఉన్నచోట క్రిములు కాపురం పెట్టేస్తాయమ్మా. కళ్ళకి కనపడవు కూడా. క్రిముల్ని చంపే మందు కలిసిన ద్రవం ఉంటుంది, అదే వాడాలి. మందు లేకుండా నీళ్ళు నిలవుంటే..."

అక్కడ ఆగిపోయాడు. డబ్బీకేసి చూశాడు.

"షాపు చూస్తుండమ్మా" అని ఆ పిల్లకే అప్పజెప్పి ఇంటికి పరుగెత్తాడు.

భార్య స్కార్ఫు తీసి, అద్దం ముందు కూర్చుని ఉంది. రెండు బుగ్గలూ ఎర్రగా కమిలి, పొక్కులు లేచి ఉన్నాయి. ఆయన ఎడమ మూత తీశాడు. పుల్లటి వాసన, పైన పచ్చటి బూజు.

"ఇదా నువ్వు రాసుకుంటోంది!"

"పైది తీసేసి రాసుకుంటున్నాలెండి."

వెంటనే చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ మందు రాసిచ్చి, డబ్బీని ఇంకో చేత్తో దూరంగా జరిపింది. "నీళ్ళు కలిపిన క్రీముకి పాడవకుండా ఏదో ఒకటి కలపాలండీ. పారాబెన్ వల్ల కేన్సరొస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా అనుమానం తీరకపోతే, అది కాకుండా వేరే మందు కలిపినవి దొరుకుతాయి, అవి వాడుకోండి" అంది.

ఇంటికొచ్చాక ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"మండుతోందని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మీ అక్కయ్య పోయాక మీరు ఈల వేసింది ఆ క్రీము కలిపేటప్పుడేనండీ. వద్దంటే అదీ మానేస్తారని చెప్పలేదు."

అద్దాలాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వు లేకపోతే నేను బతకలేనే" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఆవిడ ఆయన తల నిమిరింది.

"ఈ మాటేదో మొదటే చెప్పుంటే పోయేది కదండీ. ఇంత వండటం దేనికి?"